బొమ్మల కార్డులు

స్పీచ్ థెరపీ విద్యార్థులకు ప్రాక్టికల్స్ నేర్పడానికి నిరుడు జనగామలో ఒక కిరాణా వ్యాపారి ఇంటికి వాళ్లను తీసుకెళ్లాను. పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయింది. "నన్ను చూసి నేర్చుకోండి" అంటూ చిన్నపిల్లల బొమ్మల కార్డు చూపించాను. ఆయన కష్టపడి "పి...ల్లి" అనగానే "శభాష్!" అని చప్పట్లు కొట్టాను. ఆయన గోడవైపు తిరిగిపోయాడు.

"యాభై ఏండ్లు దుకాణం నడిపిన మనిషి, బిడ్డా. పోరగాని లెక్క జేస్తే ఎట్ల?" అంది ఆయన భార్య.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతలో నా విద్యార్థుల్లో ఒకమ్మాయి ఆ అవ్వనడిగి గుప్పెడు కందిపప్పు తెచ్చి ఆయన చేతిలో పోసింది.

"బాపూ, గీ పప్పు మంచిదేనా? జర చూసి చెప్పు."

వేళ్లతో నలిపి చూసి, "పాత... పప్పు" అన్నాడాయన.

ఆ రోజు ఆ అమ్మాయికి మార్కులు వేయాల్సింది నేను. వేశాను గానీ, తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను.