తమ్ముడి ఫోను చిరునామా

ఆ ఆఫీసులో అందరూ ఆవిణ్ణి ఫోనక్క అనే పిలుస్తారు. ఏ బల్ల మీద కొత్త ఇంటర్నెట్ ఫోను పెట్టినా, అందులో పేరూ చిరునామా ఎక్కించేది ఆవిడే. ఈ ఫోన్లకి ఉత్త నంబరు చాలదు మహాప్రభో! మనిషి పేరు, పక్కన ఈమెయిల్లో ఉండే తోక చుట్టుకున్న ‘ఏ’, ఆ తర్వాత ఆఫీసు పేరు. ఒక్కో బొత్తాం కింద మూడు నాలుగు అక్షరాలు కాపురముంటాయి. కావలసింది వచ్చేదాకా నొక్కుతూ పోవాలి.

అదే ఆఫీసులో చేరిన తన తమ్ముడికి ఈ పని ఆవిడే నేర్పింది. వాడికి నిదానమన్నది పుట్టుకతోనే లేదు. ప్రతి అక్షరానికీ ఒక నొక్కు ఎక్కువ నొక్కేవాడు. “అబ్బా, దాటిపోయిందే!” అని నాలిక్కరుచుకుని మళ్ళీ చుట్టు తిరిగొచ్చేవాడు. “ఒరే, నీ తొందర తగలెయ్య!” అని ఆవిడ నెత్తిమీద మొట్టేది. ఆ తొందరలోనే రోడ్డు దాటబోయి లారీ కింద పడి చచ్చిపోయాడు.

వాడి చిరునామా మాత్రం ఇంకా అలాగే ఉంది. తీసెయ్యమన్నప్పుడల్లా ఏదో వంక చెప్పి తప్పించుకుంది. అది కాస్తా చెరిపేస్తే వాడు ఇక్కడ తిరిగిన ఆనవాలే ఉండదని ఆవిడ బాధ. ఇవాళ సూపర్‌వైజరు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

“కానివ్వమ్మా. ఆ సీట్లోకి కొత్తాయన వస్తున్నాడు.”

అక్కడొక పద్ధతుంది. చెరిపే ముందు ఆ చిరునామాకి ఒకసారి ఫోను చెయ్యాలి. ఎవరైనా ఎత్తితే చెరపకూడదు. తమ్ముడి ఫోను తీగ పీకేసి, ఎదురుగా బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉంది. ఆవిడ వాడి పేరు నొక్కింది. బీరువా మీది ఫోను కిక్కురుమనలేదు. రిసీవర్లో మాత్రం గంట మోగింది. అవతల ఎవరో ఎత్తారు.

ఆవిడ రిసీవరు చెవికి అదుముకుంది. “హలో, ఎవరండీ?”

బొత్తాల చప్పుడొక్కటే. టిక్, టిక్, టిక్. ఒకటి ఎక్కువ. ఆగింది. మళ్ళీ చుట్టు తిరిగొచ్చింది. తర్వాతి అక్షరానికీ ఒకటి ఎక్కువే.

దాచడమెందుకు, ఆవిడకి లేచి పారిపోవాలనిపించింది. కానీ ఆ తొందర ఎవరిదో తెలిశాక రిసీవరు ఎలా పెట్టేస్తుంది?

“చెరిపేశావా అమ్మా?” అన్నాడు సూపర్‌వైజరు.

ఆవిడ రిసీవరు ఆయన చెవి దగ్గర పెట్టింది. ఆయన విన్నాడు. బీరువా మీద వేలాడుతున్న తీగ వంక చూశాడు. ఆ మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

“లేదండీ. అవతల మనిషున్నాడు,” అంది ఆవిడ. రిసీవరు మళ్ళీ తన చెవికి ఆనించుకుంది.

“ఒరే, నిదానంగా నొక్కరా. మొట్టనులే.”