సందు మూతి దగ్గర తొమ్మిది అడుగులు

మీ ఇంటి చిరునామా చెప్పేటప్పుడు మీరు ఎప్పుడైనా గొంతు తగ్గించారా?

తగ్గించి ఉండరు. నేనూ తగ్గించలేదు. ఇంటి నంబరు, రోడ్డు, ఊరు, పిన్‌కోడు చెబుతాం, ఎదుటివాడు రాసుకుంటాడు, అంతటితో అయిపోతుంది. ఆ కాగితం చూసి మన తాత ఏ పని చేసి బతికాడో ఎవరూ ఊహించరు. ఇదొక సుఖమని కూడా మనకు తెలియదు. ఆ సుఖం లేనివాళ్లు మా ఇంటి గోడను ఆనుకునే ఉన్నారు. నాకు అరవై దాటాక గానీ ఆ సంగతి అర్థం కాలేదు.

మా ఊరి పేరు రాయను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఉన్న చిన్న పట్నాల్లో అదొకటి. నాది మూలమీద ఇల్లు. వాకిలి పెద్దరోడ్డు మీదికి ఉంటుంది, ఎడమ పక్కన ఒక సందు లోపలికి పోతుంది. పెద్దరోడ్డుకు ఒక పేరుంది, దాన్ని విని ఎవరూ కనుబొమ్మలు ఎగరేయరు. సందుకూ ఒక పేరుంది. ఒక కులం పేరు, దాని చివర వాడ. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇంకోసారి ముద్ర గుద్దినట్టే. అదేమిటో మీకు తెలుసు, మీ ఊళ్లోనూ ఉంది.

ఆ సందులో ఉండే ఒక అమ్మాయి నా దగ్గర పదో తరగతి చదివింది. ఇప్పుడు వనపర్తిలో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఈ నెల మొదటి ఆదివారం మా ఇంటికి వచ్చి వాకిట్లోనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారు, రోడ్లకు నంబర్లేస్తున్నరంట. మునిసిపల్ ఆఫీసుల మీటింగున్నది. మీరు పోతరా?"

"నీకెవరు చెప్పారు?"

"మా అమ్మ గాడ ఊడుస్తది గద. నోటీసు ఫోటో తీసుకొచ్చింది."

నోటీసును ఆఫీసు లోపల, మెట్ల కింద, మంచినీళ్ల క్యాను వెనక అంటించారట. సందువాళ్లు చూడకూడదనే అక్కడ అంటించారని అనను. వాళ్లు చూడాలన్న ఆలోచన అంటించినవాడి తలలోకి రాలేదని అంటాను. నా దృష్టిలో రెండోదే ఎక్కువ దుర్మార్గం.

నంబర్లతో నీకేం పని అని అడిగాను. అప్పుడు చెప్పింది. ల్యాబులో పొద్దున ఆరింటికే రక్తం తీసుకోవాలి. బీచుపల్లి వంతెన దాటి పోయే మొదటి బస్సు ఆ వేళకు వనపర్తి చేరదు. అక్కడే గది తీసుకోమన్నాడు ల్యాబు యజమాని. నెలాఖరుకు గది దొరక్కపోతే ఆ పని వేరేవాళ్లకు ఇస్తానన్నాడు.

"రూములు లేవా?"

"ఉన్నయి సారు. మొన్న ఒకామె మంచిగ మాట్లాడింది, చాయ్ గూడ పోసింది. ఆధార్ అడిగితే ఇచ్చిన. సదివింది. గ్లాసు కింద పెట్టినంక చెప్పింది, మా అల్లుడొస్తుండు, రూము ఇయ్యలేమని."

"అది ఎన్నో ఇల్లు?"

"మూడోది. మొదటి ఇంటామెకు కొడుకొస్తుండు. రెండో ఇంటామెకు చెల్లె వస్తుంది. వనపర్తికి మస్తుమంది చుట్టాలొస్తుండ్రు సారు."

ఆమె నవ్వింది. నాకు కోపం వచ్చింది. నా కోపం మీద నాకు ఎప్పుడూ మంచి అభిప్రాయమే. నలభై ఏళ్లుగా సభల్లో దాన్నే వాడుకుంటున్నాను. సభకు వస్తానని మాట ఇచ్చాను.

ప్రజాభిప్రాయ సేకరణ అన్నది ఎలా ఉంటుందో చూడనివారి కోసం చెబుతాను. ముందు వరుస కుర్చీలకు గుడ్డలు తొడిగి ఉంటాయి. వాటిలో కూర్చున్నవాళ్లే ప్రజలు. ఆ రోజు మొదటి గంటంతా ఒకటో నంబరు కోట దగ్గర మొదలు కావాలా, బస్టాండు దగ్గరా అన్నదాని మీదే పోయింది. తర్వాత ఒక పెద్దమనిషి లేచి, తన రోడ్డుకు శని అంకె ఎనిమిది రాకూడదని, పదిహేడు, ఇరవై ఆరు కూడా కూడితే ఎనిమిదే కాబట్టి అవీ వద్దని విన్నవించాడు. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు దాన్ని వినయంగా రాసుకున్నాడు. శనికి భయపడి అంకెలనే వదిలేసే ఊరు లెక్కలు ఎలా నేర్చుకుంటుందని నేను లేచి అడిగాను. కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు ఉత్సాహం ఇచ్చింది.

అదే ఊపులో సందు సంగతి ఎత్తాను. ఒక కులం పేరును సర్కారు కాగితం మీద ఇంకా అచ్చు వేయడం సిగ్గుచేటన్నాను. పెద్దరోడ్డు మీద బట్టల దుకాణం నడిపే సేటు, గుడ్డ తొడిగిన కుర్చీలోంచి లేవకుండానే అడ్డు తగిలాడు.

"అది పూర్వకాలం నుంచున్న పేరు సారూ. చరిత్ర గద. మనమెట్ల తీసేస్తం?"

"పాతదైనంత మాత్రాన సరైనదవుతుందా?" అన్నాను. "బాల్యవివాహం కూడా పాతదే. మీ మనవరాలికి చేస్తారా?"

చప్పట్లు కొట్టారు. ఇక ఆగలేదు. ఆ పేరు తీసేసి, ఆ జనానికి హక్కులు రాసిచ్చిన మహానుభావుడి పేరు సందుకు పెట్టాలని ప్రతిపాదించాను. ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. సేటు కూడా కొట్టాడు. ఆయన చేతులు చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

వెనక తలుపు దగ్గర ఆ అమ్మాయి నిలబడి ఉంది.

"సారు, నాకు పేరొద్దు. నంబరు గావాలె."

ఆమె ప్లానింగ్ ఆఫీసరుతో మాట్లాడుతోందనుకున్నాను. కాదు, నాతోనే.

"ఆ మహానుభావుడి పేరు వద్దంటున్నావా?" అన్నాను. నా గొంతులో గురువు పలికాడు.

"ఆయన మీద మీకంటె నాకు గౌరవం తక్కువ లేదు సారు. ఆయన ఫోటో మా ఇంట్ల ఉన్నది. మీ ఇంట్ల సూడలేదు. కానీ గా పేరు ఏ వాడకు వెడ్తరో వనపర్తిల ఇల్లు కిరాయికిచ్చే ప్రతి ఆమెకు ఎరికే. గంత మంచి పేరైతే మీ పెద్దరోడ్డుకు పెట్టుండ్రి. మీ నంబరు మాకియ్యుండ్రి."

సేటు గొంతు సవరించుకున్నాడు.

"మా రోడ్డుకు ఆల్రెడీ మా నాయిన పేరు అడిగిన కదమ్మా."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పీడితులకు వాడను పట్టిచ్చే పేరు, మనకు ఏమీ పట్టివ్వని పేరో నంబరో. ఇంతకాలం నేను సంస్కరణ అనుకున్నది ఇదే. పాత ముద్ర తీసి, దాని స్థానంలో పూలదండ వేసిన ముద్ర గుద్దడం.

ప్లానింగ్ ఆఫీసరు ఒక కాగితం తిరగేశాడు. పన్నెండు అడుగులు, అంతకన్నా ఎక్కువ వెడల్పు ఉన్నదానికే రోడ్డు నంబరు. తక్కువైతే అది సందు, వాడ పేరు కిందే ఉంటుంది.

"మీ సందు మూతికాడ తొమ్మిది ఫీట్లేనమ్మా."

"లోపల పద్నాలుగుంటది సార్."

"ఎక్కడ ఇరుకుంటె గదే లెక్క."

"మూతికాడ ఎందుకు ఇరుకుందో గది గూడ జర రాసుకోండ్రి."

ఆఫీసరు రాసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ పిల్ల ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది. తన మాటకు నేను బాధపడ్డానని జాలిపడుతోందనుకున్నాను. మన మీద మనకుండే ప్రేమకు హద్దుంటుందా?

మళ్లీ కొలవాలని ఆమె అర్జీ పెట్టింది. మూడోరోజు పొద్దున ప్లానింగ్ ఆఫీసరు, అతని వెంట టేపు పట్టుకునే మనిషి వచ్చారు. టేపు ఒక కొస ఎదురింటి గోడకు ఆనించి ఆ అమ్మాయి పట్టుకుంది. రెండో కొస ఆ మనిషి తెచ్చి మా పక్కతలుపు కింద, ఆఖరి మెట్టు అంచు మీద పెట్టాడు. తొమ్మిది అడుగులు.

మా పక్కతలుపు సందులోకి తెరుచుకుంటుంది. దానికి మూడు మెట్లు, స్కూటరు ఎక్కించడానికి పక్కనే ఒక ఏటవాలు గచ్చు. ఇల్లు కట్టినప్పుడు నేనే దగ్గరుండి కట్టించాను. రోజూ పొద్దున ఆ మెట్ల మీదే కూర్చుని పేపరు చదువుతాను. సమానత్వం మీద రాసిన చాలా వ్యాసాలు అక్కడే మొదలయ్యాయి. సందులోకి ఆటో ఎందుకు రాదో నాకు ఒక్కరోజూ తట్టలేదు. ఆ అమ్మాయి నాయనమ్మకు పక్షవాతం వస్తే మంచంతోసహా నలుగురు మోసుకుంటూ నా మెట్ల పక్కనుంచే దవాఖానకు తీసుకుపోయారు. పేపరు మడిచి, కాళ్లు దగ్గరికి తీసుకుని దారి ఇచ్చాను. దారి ఇచ్చాననే అనుకున్నాను.

టేపు అక్కడ చూడగానే నా నోట ఏం మాట వచ్చిందో సిగ్గు విడిచి రాస్తున్నాను.

"ఈ మెట్లు ఇప్పటివి కావు. ఇరవై ఏళ్ల నుంచి ఉన్నాయి."

లోపలి నుంచి మా ఆవిడ వింది. తలుపు దగ్గరికి వచ్చి నింపాదిగా అంది.

"మొన్న గిదే మాట సేటు అంటె, మనవరాలి పెండ్లి జేస్తవా అని అడిగిన్రట గద. ఊరంత చెప్పుకుంటున్నరు."

టేపు మనిషి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ప్లానింగ్ ఆఫీసరు నన్ను పక్కకు పిలిచాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"సారూ, మీరు పెద్దమనుషులు. గా మెట్లకేం కాదు. మీరు ఒక్క మాట అనుండ్రి, పన్నెండని రాసేస్త. పిల్ల పని అయితది, మీ మెట్లు మీకుంటయి."

నిజం చెప్పాలంటే నాకు ఆ మాట నచ్చింది. అందరికీ లాభమే కదా అనిపించింది. నేను తల ఊపబోవడం ఆ అమ్మాయి చూసింది. టేపు కొస ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"రాస్తె అయ్యేదుంటె మొన్న మేమడిగినప్పుడు ఎందుకు రాయలే సార్?" అంది ఆఫీసరుతో. తర్వాత నా వైపు తిరిగింది. "కాయితం మీద పన్నెండని రాస్తె ఆటో లోపటికొస్తదా సారు?"

నేను సభల్లో వేసిన ప్రశ్నలకు ఇన్నేళ్లలో ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదని గొప్పగా చెప్పుకునేవాణ్ని. ఇప్పుడు ప్రశ్న నాకే వచ్చింది. లోపలికి పోయి గడ్డపార తెచ్చాను. మొదటి దెబ్బకు నడుము పట్టేసింది. టేపు మనిషి నా చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. సందులోంచి ఇంకో ఇద్దరు వచ్చారు. మా ఆవిడ ఇటుకలు ఏరి గోడ పక్కన పేర్చింది. రెండు గంటల్లో ఇరవై ఏళ్ల మెట్లు, గచ్చు పోయాయి. ఎవరూ నాకు చప్పట్లు కొట్టలేదు. కొట్టనందుకు నాకు కొంచెం కష్టంగానే ఉండింది, అది కూడా రాస్తున్నాను. మళ్లీ కొలిస్తే పన్నెండు అడుగుల నాలుగు అంగుళాలు. ఆఫీసరు రాసుకోక తప్పలేదు.

కథ ఇక్కడ ముగిస్తే నేను మంచివాడినై మిగులుతాను. మా ఊరు అంత తేలిగ్గా వదలదు.

వారానికి ముసాయిదా జాబితా అంటించారు. ఈసారి బయటి గోడ మీదే. సందుకు ఇరవై మూడు నంబరు వచ్చింది. దాని పక్కన బ్రాకెట్లో పాత పేరు. ప్రజల సౌకర్యార్థం అని కింద రాశారు. పెద్దరోడ్డుకు బ్రాకెట్టు లేదు, ఇంకే రోడ్డుకూ లేదు. సేటు, ఆయన పక్క దుకాణాలవాళ్లు సంతకాలు చేసి అర్జీ పెట్టారట, ఉత్తరాలు పంచేవాడికి ఇబ్బంది కాకూడదని. ఉత్తరాలు పంచేవాడిని అడిగాను. తనను ఎవరూ అడగలేదన్నాడు.

ప్లానింగ్ ఆఫీసరు దాచకుండా చెప్పాడు. "రాతపూర్వకంగా ఎన్ని కాయితాలొస్తె గట్ల, సారూ. మాటలు రికార్డుల ఉండవు."

ఆ సాయంత్రం అమ్మాయి తెల్లకాగితాల కట్ట పట్టుకుని వచ్చింది. నెలాఖరు దగ్గరికి వచ్చింది. మునిసిపల్ ఆఫీసు బ్రాకెట్టుతో చిరునామా ధ్రువపత్రం ఇస్తే ఆధార్‌లోకి బ్రాకెట్టు కూడా పోతుంది. నాలుగో ఇంటామెకు కూడా ఎవరో చుట్టం వస్తాడు.

నేను గొంతు సవరించుకున్నాను.

"స్పీచొద్దు సారు," అంది. "సంతకం పెట్టుండ్రి. పెద్దరోడ్డు మీదోళ్లతోని గూడ పెట్టియ్యుండ్రి. మావి ముప్పై ఉన్నయి, ఆఫీసోళ్ల లెక్కకు అవి రావు."

మరుసటి రోజు నుంచి పెద్దరోడ్డు మీద ఇల్లిల్లూ తిరుగుతున్నాను. కొందరు పెట్టారు. కొందరు రేపు రమ్మన్నారు. నా సభలకు ముందు వరుసలో కూర్చుని తల ఊపే మిత్రుడొకడు, బ్రాకెట్టు చిన్నదే కదా, వదిలెయ్ అన్నాడు. చిన్నదైతే నీ ఇంటి నంబరు పక్కన పెట్టుకో అన్నాను. తలుపు వేసుకున్నాడు. ఇది రాస్తున్న పొద్దుకి ముసాయిదా మీద అర్జీలకు గడువు ఇంకా ఉంది, గది ఇంకా దొరకలేదు.

ఇక మీతో. మీ ఊళ్లో కూడా జాబితా ఒకటి ఏదో గోడ మీద ఉంటుంది, లేదా ఏదో క్యాను వెనక. పోయి చదవండి. ఏ వాడకు నంబరు రాలేదో, ఏ నంబరు పక్కన బ్రాకెట్టు ఉందో చూసి, నంబరు ఇవ్వమని, బ్రాకెట్టు తీసేయమని మీ చేత్తో రాసి, మీ చిరునామాతో సంతకం పెట్టి, అందినట్టు రసీదు తీసుకోండి. నా వ్యాసం బాగుందని నాకు ఉత్తరం రాయకండి, ఆ కాగితం అక్కడ ఇవ్వండి. దానికంటే ముందు, ఈ పుస్తకం పక్కన పెట్టి, టేపు తీసుకుని పక్కతలుపు తెరవండి. మీ ఆఖరి మెట్టు నుంచి ఎదుటి గోడ దాకా కొలవండి. ఇరుకు మీవల్లే అయితే, గడ్డపార తీసుకోండి.