ఊరికే పెట్టుకున్న ఉంగరాలు

నాకు నగల మీద మోజు పుట్టింది యాభై దాటాక. ఈ మాట చెబితే ఉదయగిరిలో నవ్వనివాడు లేడు. నవ్వుకోండి, నాకేం! నా ఈడువాళ్ళు తలకు రంగేసుకుంటే ఎవరూ అడగరు. నేను వేలికి ఉంగరం పెట్టుకునేసరికి మాత్రం ఊరంతటికీ పని దొరికింది.

అంతకు ముందు నా ఒంటి మీద ఉన్నదల్లా ఒక వాచీ. మా నాయన "మగపిలకాయలకు నగలేందిరా" అనే మనిషి. పెళ్ళిలో అత్తగారు పెట్టిన ఉంగరం కూడా వారం తిరక్కుండానే బీరువాలోకి పోయింది. నాది బట్టల కొట్టు. పొద్దుగూకేదాకా తానులు విప్పడం, మడవడం, మళ్ళీ విప్పడం. నాకు చేతులున్న సంగతే ఎప్పుడూ పట్టించుకోలేదు.

మొదటి ఉంగరం కొన్నది మా ఆవిడకు ఆపరేషన్ అయిన ఎండాకాలంలో. కడుపులో గడ్డ అన్నారు. నెల్లూరులో గర్భసంచి తీసేశారు. గడ్డను పరీక్షకు పంపి, భయపడాల్సిందేమీ లేదు, అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలన్నారు. ఆపరేషన్‌కి ముందు నర్సు ఆమె కమ్మలు, ముక్కుపుడక, తాళిబొట్టు గొలుసు తీయించి నా చేతిలో పెట్టింది. మెళ్ళో పసుపుతాడు మిగిలింది. కుట్లు మానాయి, నడుస్తోంది, వంట చేస్తోంది, కానీ ఆ నగలు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. "పెట్టుకోవే" అంటే "చూద్దాంలే" అనేది. కొట్టులో జాకెట్టు గుడ్డల వైపంతా ఆమె చూసుకునేది. ఆడవాళ్ళను నవ్విస్తూ, ఒకటి అడిగితే మూడు కొనిపించే మనిషి. అలాంటిది చిక్కి సగమై, గడప దాటడం మానేసింది. ఆమె మళ్ళీ కమ్మలు పెట్టుకుని కొట్టులో కూర్చుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించేది నాకు.

ఆమె మాత్రలు మా ఊళ్ళో దొరికేవి కావు, ఆత్మకూరు పోవాలి. ఒకరోజు అక్కడి మందుల షాపాయన "సరుకు నెల్లూరు బస్సులో వస్తా ఉండాది, కాసేపు కూర్చోండి" అన్నాడు. ఎండ మాడ్చేస్తోంది. పక్కనున్న వెండి బంగారు షాపులో ఫ్యాను తిరుగుతోంది. లోపలికి పోయింది ఆ ఫ్యాను కోసమే, ఒట్టు. షాపాయనకు మనిషిని ఊరికే కూర్చోబెట్టడం ఇష్టం లేక ఉంగరాల ట్రే నా ముందుకు తోశాడు. పగడం పొదిగిన వెండి ఉంగరం ఒకటి వేలికి పెట్టుకుని, చెయ్యి దూరంగా చాపి చూసుకున్నాను. ఎంత బాగుందో! నా చెయ్యి నాకే నచ్చింది. ఇంట్లో ఆస్పత్రి వాసన, మాత్రల డబ్బాలు, మాటల్లేని భోజనాలు. వాటన్నిటి మధ్యా అంత ఎర్రగా, అంత నిక్షేపంగా ఒక వస్తువు నాదై ఉండడం హాయిగా అనిపించింది. తీయబుద్ధి కాక అలాగే బస్సెక్కాను.

మర్నాడు కొట్టు తీశానో లేదో, వరికుంటపాడు వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన నా వేలు చూసి గొంతు తగ్గించాడు. "ఏందన్నా, కుజదోషమా?"

"దోషం లేదు, గీషం లేదు. బాగుందని కొనుక్కున్నా."

"నాతో చెప్తే ఏమవుతాదిలే" అని జాలిగా చూసి పోయాడు. ఆ రోజంతా ఇదే గోల. మా వైపు మగవాడు రాయి పెట్టుకున్నాడంటే ఎవరో అయ్యవారు జాతకం చూసి పెట్టించాడనే లెక్క. అందం కోసం పెట్టుకుంటాడని ఎవడికీ తోచదు. మా కొట్టు ముందు కుట్టుమిషను వేసుకున్న సాయిబు ఒక్కడే సరైన మాట అన్నాడు.

"బలే ఉండాదన్నా! మా మగోళ్ళకి బంగారం కూడదు గానీ, ఎండి పెట్టుకోవచ్చు" అని, తన వేలికున్న ఉంగరం చూపించాడు. గిరాకీ లేనప్పుడు ఇద్దరం చేతులు పక్కపక్కన పెట్టుకుని చూసుకునేవాళ్ళం. పిచ్చోళ్ళనుకుంటారని కూడా అనిపించలేదు.

ఇక నాకు పూనకమే. వానలు పడేవేళకు నీలిరాయి ఉంగరం వచ్చింది. తర్వాత చేతికి కడియం, మెడలో సన్నటి వెండి గొలుసు. పళ్ళపొడి పెట్టి తోమడం నేర్చుకున్నాను. బస్సులో మొహాలు చూడడం మానేసి చేతులు చూసేవాణ్ణి. మాత్రలు అయిపోవస్తున్నాయంటే లోపల ఉత్సాహంగా ఉండేది, చెప్పకూడదు గానీ. ఉంగరం తగులుకుని పట్టుచీర పోగు లేస్తే గిరాకీలతో తిట్లు కూడా తిన్నాను. తిడితే తిట్టారు!

మా ఆవిడ మాత్రం తిట్టలేదు. అదే నాకు కష్టంగా ఉండేది. కొత్తది పెట్టుకొచ్చినప్పుడల్లా దాని వంక చూసేది, మొహం వాడిపోయేది. "ఎవురు చెప్పినారు?" అని అడిగేది. "ఎవురు చెప్పేదేంది, నాకే బుద్ధి పుట్టింది" అనేవాణ్ణి. తలూపి లోపలికి పోయేది. తాను బోసిగా ఉంటే మొగుడు సింగారించుకుంటున్నాడని బాధేమో అనుకున్నాను. మానేద్దామనీ అనుకున్నాను. కానీ నన్ను చూసైనా ఆమెకు మనసు మళ్ళుతుందేమోనని ఒక మూల ఆశ. ఆ మధ్య వాళ్ళ చెల్లెలు వింజమూరు నుంచి చూడడానికి వస్తే, తన మంచి పట్టుచీర తీసి ఇచ్చి పంపింది. "నాకెందుకులే ఇంక" అంది. అప్పుడైనా నా మట్టిబుర్రకు ఏమీ వెలగలేదు.

చలి మొదలవుతుండగా గోమేధికం కొన్నాను. రాయి పేరు షాపాయన చెబితేనే తెలిసింది. లేత బెల్లంపాకం రంగు, ఎండకు పెడితే లోపల దీపం పెట్టినట్టు ఉంటుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఆమె గడపలో కూర్చుని అలసందలు వలుస్తోంది. మాత్రలు అందించబోతే నా వేలు చూసింది. చేట పక్కకు నెట్టింది.

"నిజం చెప్పు. ఎన్నాళ్ళని చెప్పినాడు డాక్టరు?"

"ఏంది ఎన్నాళ్ళు? ఎవురికి?"

"నాకు. ఇంకెవురికి! ఎర్ర రాయి పెట్టినావు, ఊరుకున్నాను. నీలం పెట్టినావు, ఊరుకున్నాను. ఇప్పుడు గోమేధికం. రాహుదశ నీకు కాదు, నాకు నడస్తా ఉండాది. ఏ అయ్యోరి దగ్గిరికి తిరగతా ఉండావు? గడ్డ పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు నిన్నొక్కణ్ణే లోపలికి పిలిచినాడు. మొహం తుడుచుకుంటా బయటికొచ్చినావు. నేను చూళ్ళేదనుకున్నావా?"

డాక్టరు నన్ను పిలిచింది ఏం తినాలో, ఏం బరువు ఎత్తకూడదో చెప్పడానికి. అంతా బాగుందన్నాడని లోపల కళ్ళనీళ్ళు వచ్చాయి, తుడుచుకున్నాను. ఈ మనిషి ఇన్ని నెలలూ నా ఉంగరాలు చూసుకుంటూ చావుకు సిద్ధపడుతోంది!

"మరి కమ్మలెందుకు పెట్టుకోవే?"

"పెట్టుకునేదేంది, రేపు పీనుగు మీద నుంచి మీరే వలుచుకోవాల గదా. ఆ కష్టమెందుకు మీకు."

నాకు కోపం తన్నుకొచ్చింది. వీధిలో వాళ్ళు ఆగి చూసేంత గట్టిగా అరిచాను. "అయ్యోరు లేడు, రాహువూ లేడు! నీ మీద ఒట్టు. నాకు సోకు! సోకు పుట్టి కొనుక్కున్నా! యాభై ఏళ్ళొచ్చినాక పుట్టింది, ఏం చెయ్యమంటావు?"

ఆమె నోరు తెరుచుకుని చూసింది. "సోకా?"

"సోకే!"

"ఈ మొహానికా?" అని మొదలుపెట్టి, కుట్ల మీద చెయ్యి అదుముకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో! అయినా పూర్తిగా నమ్మే రకం కాదు. "ఈసారి చూపించుకునేటప్పుడు నేనొక్కదాన్నే పోతా లోపలికి. నువ్వు బయట కూర్చో" అంది.

అలాగే జరిగింది. నెల్లూరులో బెంచీ మీద కూర్చుని నేను పడ్డ అవస్థ దేవుడికెరుక. బాగుందని నాకు తెలుసు. అయినా లోపల ఇంతసేపెందుకు, కొత్తగా ఏమైనా చెబుతున్నాడా అని ప్రాణం గిజగిజలాడింది. ఆమె బయటికొచ్చి "పదా" అంది, అంతే. బస్సులో కిటికీ పక్కన చేరి కొండలు చూస్తూ కూర్చుంది. నేను అడగలేదు. ఆత్మకూరులో బస్సు ఆగగానే లేచి నిలబడింది.

"దిగు. ఆ షాపేందో చూపించు."

షాపాయన మర్యాదగా కుర్చీ వేశాడు. ఆమె వెండి వైపు చూడనైనా చూడలేదు, బంగారు గాజులు తియ్యమంది. ఆయన సన్నబడిన ఆ చేతికి కొలత గాజులు ఒక్కొక్కటే తొడిగి చూసి, "ఇదీ మీ సైజమ్మా, అతికినట్టు సరిపోయింది" అన్నాడు.

ఆమె దాన్ని తీసి బల్ల మీద పెట్టేసింది.

"దీనికన్నా పెద్దది తియ్యి నాయనా. నేను ఒళ్ళు చేస్తాను."