మీసం మీద అత్తరు చుక్క

1971లో, ఎండలు ముదిరి వానలకు ఎదురుచూసే రోజుల్లో, నన్ను గోదావరిఖనిలో ఒక ఇంక్లైన్‌కు ఓవర్‌మన్‌గా వేశారు. ఇంక్లైన్ అంటే లిఫ్టు లేకుండా, ఏటవాలుగా నడిచి దిగే గని. అక్కడ చేరిన మూడో నెలలో నేను చేసిన పని బొగ్గుబాయి మీద అంతకుముందు ఎవరూ చేయలేదు, తర్వాతా చేసినట్టు వినలేదు. పన్నెండేళ్లు బొగ్గు ఎత్తిన ఒక ఫిల్లర్‌ను ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో దొరబిడ్డను చేశాను. మరునాడు అతను గదిలో అడుగు పెట్టగానే మేనేజర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కుర్చీ కూడా జరిపారు. ఫిల్లర్ కోసం మేనేజరు లేవడం నా సర్వీసు మొత్తంలో చూసింది ఆ ఒక్కసారే.

గని సంగతి తెలియని వాళ్ల కోసం వరుస చెబుతాను. పట్టాల మీద నడిచే ఇనుప తొట్లు టబ్బులు, వాటిలో బొగ్గు నింపేవాడు ఫిల్లర్. అతని మీద మైనింగ్ సర్దార్. సర్దార్ల మీద నాలాంటి ఓవర్‌మన్. ఆపైన అండర్ మేనేజరు, అందరి మీదా మేనేజరు. గనిని భాగాలు చేసి ఒక్కో భాగాన్ని డిస్ట్రిక్టు అంటారు. ఆ డిస్ట్రిక్టుకు కలెక్టరు ఉండడు, సర్దారే ఉంటాడు. షిఫ్టు వాళ్లు గనిలోకి దిగే ముందు అతను ఒక్కడే లోపల తిరిగి రావాలి. కర్రతో పైకప్పు తట్టి చప్పుడు వినాలి, దీపం మంట చూసి గ్యాసు కనిపెట్టాలి, గాలి తగులుతున్నదో లేదో చూడాలి. ఏ మాత్రం అనుమానం వచ్చినా మనుషులను దిగనీయకుండా ఆపే అధికారం అతనికుంది. పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్నా, మేనేజరు తన చేతి రాతతో నియమించనిదే ఎవరూ సర్దార్ కారు.

నేను చెప్పే ఫిల్లర్ పేరు ఏలియా. వయసులో నాకంటే ఏడేళ్లు పెద్ద. గని లోపల నన్ను "సార్" అనేవాడు, క్వార్టర్ల లైన్లోకి రాగానే "తమ్మీ" అనేవాడు. రెండు పిలుపులూ ఎప్పుడూ తారుమారు కాలేదు. చర్చిలో పాస్టరు దగ్గర అక్షరాలు నేర్చుకుని, ముప్పై ఆరేళ్లకు సర్దార్ సర్టిఫికెట్ సంపాదించాడు. ఆ ఏడాది టబ్బు తగిలి నడుము దెబ్బతిన్నది. ఈ నెల దాటితే ఎత్తుడు పనికి పనికిరాడని రాసేస్తానని దవాఖాన డాక్టరు ముందే చెప్పాడు. అలా రాస్తే పైన ఎండలో కూర్చుని బొగ్గులోంచి రాళ్లు ఏరే పని మిగులుతుంది. సర్టిఫికెట్ పెట్టెలో పెట్టుకుని రాళ్లు ఏరడం ఏలియాకు చావుతో సమానం. సర్దార్ ఖాళీ ఒక్కటే ఉన్నది. దానికోసం అంతకుముందు వెళ్లిన మనిషిని మేనేజర్ గారు వెనక్కి పంపారు.

ఎందుకు పంపారని ఆఫీసు టైపిస్టును అడిగాను. ఆ మేనేజరు ఉత్తరాది గనుల నుంచి కొత్తగా వచ్చినవాడు, హిందీలోనే మాట్లాడేవాడు. టైపిస్టు రెండు ముక్కల్లో తేల్చాడు. "సాబ్‌కు సాఫ్ ఆద్మీ కావాల్నంట."

నాకు ఇంకేం అడగాలనిపించలేదు. వెనక్కి వచ్చిన మనిషిని నేనెరుగుదును, లుంగీ మీద పోయినవాడు. సాఫ్ అంటే శుభ్రం, అంతే. అప్పట్లో లైన్లలో నా పేరు ఇస్త్రీ ఓవర్‌మన్. డ్యూటీ దిగి స్నానం చేశాక నా ప్యాంటు మడత మీద ఈగ వాలితే కాలు తెగుతుందని జనం అనేవాళ్లు. ఈ మాట జనం అన్నారో నేనే అన్నానో ఇప్పుడు గుర్తులేదు. ఏమైనా, సాఫ్ చేసే విద్యలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం.

ఆదివారం ప్రార్థన ముగిసి ఏలియా ఇంటికి రాగానే సరంజామాతో దిగాను. అతని భార్య మార్తమ్మ వదిన వాకిట్లో నిలబడి నా సంచీ వైపు చూసింది.

"చర్చికి పోయే తెల్లబట్టలున్నయి కద. అవి ఏసుకొని పోతే మేనేజర్ కరుస్తడా?"

తెల్లబట్టలు మంచివాళ్లవి వదినా, మనకు కావలసింది ఉన్నవాళ్లవి అని చెప్పి పనిలో పడ్డాను.

బొగ్గుబాయిలో పనిచేసేవాడిని ఊరంతటిలో పట్టిచ్చేది కళ్లు. ఎంత రుద్దినా రెప్పల అంచున బొగ్గు కాటుకలా నిలుస్తుంది. దానికి సబ్బు పనిచేయదు. కొబ్బరినూనె గోరువెచ్చ చేసి, పాత మల్లుగుడ్డ కొసను ముంచి, కింది రెప్ప లాగిపట్టి లోపలి నుంచి బయటికి ఒకే గీతగా తుడవాలి. రెండు కళ్లకూ అరగంట పట్టింది. తర్వాత గోళ్లు. చేతులను చింతపండు నీళ్లలో నానబెట్టి బీరపీచుతో రుద్దాలి. ఆ పని వదినకు అప్పజెప్పాను. ఆమె అతని చేయి ఒళ్లో పెట్టుకుని గిన్నె తోమినట్టు తోముతూ, "గని లోపల పెండ్లిచూపులు ఉన్నయా మరిదీ?" అని అడిగింది.

నుదుటి మీద నీలిమచ్చ ఒకటి ఉండేది. గాయంలో బొగ్గుపొడి పడి మానితే పచ్చబొట్టులా నిలిచిపోతుంది. దాని మీద స్నో రాసి, పైన పౌడరు అద్దాను. మీసాన్ని కత్తెరతో సన్నగా తీర్చాను. జుట్టుకు క్రీము పెట్టి పక్కపాపిడి తీశాను. నా టెర్లిన్ చొక్కా, నా ప్యాంటు, నా చేతిగడియారం. అన్నిటికీ ఇస్త్రీ నేనే చేశాను. కాళ్ల కింద నేలంతా బొగ్గే అయినా మా బొగ్గు ఇస్త్రీపెట్టెకు పనికిరాదు, పొగ చూరి బట్ట పాడవుతుంది. కట్టెబొగ్గు కొనుక్కోవలసిందే.

చివరగా అత్తరు. హైదరాబాదు నుంచి తెప్పించుకున్న వట్టివేళ్ల అత్తరు నా దగ్గర చిటికెనవేలంత సీసాలో ఉండేది. దూది తడిపి చెవి మడతలో పెట్టడం నవాబుల పద్ధతి. సోమవారం పొద్దున వెళ్లేముందు స్నో, పౌడరు మళ్లీ అద్ది, ఆ దూదీ పెట్టాను. పెట్టాక ఎలాగూ మూత తీశాను కదా అని మీసానికి కూడా ఒక చుక్క రాశాను. రెండు చుక్కలు అనుకుందాం.

ఇప్పుడు మొదట చెప్పిన మాట దగ్గరికి వస్తాను. ఏలియా గదిలోకి వెళ్లగానే మేనేజర్ గారు లేచి నిలబడ్డారు. అది నిజం. నేను వెనకే ఉన్నాను. ఆయన లేచింది కిటికీ తెరవడానికి. కుర్చీ జరిపిందీ నిజమే, ఆ కిటికీ దగ్గరికి జరుపుకుని ఆయనే కూర్చున్నారు. ఈ సంగతిని నేను నలభై ఏళ్లుగా మొదటి సగం వరకే చెబుతూ వచ్చాను.

కాగితాలు చూడటం రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇక బల్లకు అటూ ఇటూ కూర్చుని ప్రశ్నలు అడుగుతారని నా లెక్క. ఆయన హెల్మెట్ తీసుకుని, లోపలికి పోదాం పదండి అన్నారు.

గని మూతి దగ్గర బీడీ, అగ్గిపెట్టె లేవని జేబులు తడిమే మనిషి ఏలియాను రెండుసార్లు తడిమాడు. తడమడం అయ్యాక చెయ్యి వాసన చూసుకుని, "నీ సంబంధం యాడ కుదిరింది ఏలియన్నా?" అన్నాడు. మేనేజర్ గారికి తెలుగు అర్థం కాలేదని నేను సంతోషించాను.

మనుషులు పీల్చి వదిలిన వేడి గాలి బయటికి వచ్చే దారిలో నడిచాం. వంద అడుగులు పోకముందే పౌడరు చారలు కట్టింది. స్నో కరిగి నీలిమచ్చ బయటపడ్డది. టెర్లిన్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. నేను ప్యాంటు మడత గురించి బాధపడుతున్నాను, ఏలియా మాత్రం అలవాటుగా పైకప్పు తడుతూ, చెవి పెట్టి వింటూ నడుస్తున్నాడు. కప్పు దగ్గర, గాలి దగ్గర, దీపం దగ్గర అడిగినవాటికి సరిగ్గానే జవాబులు చెప్పాడు.

అప్పుడు మేనేజర్ గారు ఒక ఇటుకగోడ ముందు ఆగారు. బొగ్గు తీసేసిన ఖాళీలను అలా గోడకట్టి మూస్తారు. మూసినా లోపల మిగిలిన బొగ్గు ఊరుకోదు. సందుల్లోంచి కొంచెం గాలి దొరికితే చాలు, దానంతట అదే వేడెక్కుతుంది. ముందు చెమట కంపు వస్తుంది, తర్వాత కిరసనాయిలు వాసన, ఆ తర్వాత తారు. తారు వాసన దాకా వస్తే ఆలస్యమైనట్టే. ఆ రోజుల్లో దాన్ని అందరికంటే ముందు పట్టేది సర్దార్ ముక్కు.

ఏం వాసన వస్తున్నదో చెప్పమని మేనేజర్ గారు హిందీలో అడిగారు.

ఏలియా గోడకు ముక్కు ఆనించాడు. ఒకచోట చూశాడు, ఇంకోచోట చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని కింది సందు దగ్గర చూశాడు. నాకు అప్పుడు తెలిసింది నేనేం చేశానో. అతని ముక్కు కిందే రెండు చుక్కల వట్టివేళ్లు ఉన్నాయి. చెమటకు అవి ఇంకా విచ్చుకున్నాయి. గోడవతల గంధకం మండినా అతనికి తెలియదు.

మధ్యాహ్నం షిఫ్టులో ఆ గోడ పక్క నుంచే నలభై మంది పోతారు. అతని ఉద్యోగం ఆ జవాబు మీదే ఉన్నది.

ఏలియా లేచి నిలబడి తెలుగులోనే చెప్పాడు, నేను హిందీలోకి మార్చాను.

"నాకు వాసన ఏర్పడ్తలేదు సార్. నా మీసానికి అత్తరున్నది. ఇప్పుడు నేనేది చెప్పినా అబద్ధమే అయితది. ముక్కు మంచిగున్నోన్ని ఇంకొకన్ని పిలిపియ్యుండ్రి. అందాంక ఈ దిక్కు మనుషులను పంపొద్దు."

మేనేజర్ గారు దీపం ఎత్తి అతని మీసం చూశారు. పక్కనే పంపు దగ్గర నీళ్లున్నాయి, కడుక్కుని రమ్మన్నారు. ఏలియా చెవిలో దూది తీసి పారేశాడు. మట్టితో మీసం రుద్దుకున్నాడు, నా టెర్లిన్ చొక్కా విప్పి దానితోనే మొహం తుడుచుకున్నాడు. పావుగంట స్వచ్ఛమైన గాలి వచ్చే దారిలో నిలబడి మళ్లీ వచ్చాడు. కింది సందు దగ్గర చాలాసేపు ఉండి, సన్నగా కిరసనాయిలు లెక్క వస్తున్నదన్నాడు.

వస్తున్నది నిజమే. మేనేజర్ గారు శనివారమే పట్టి, గోడకు మళ్లీ పూత వేయించడానికి మనుషులను పురమాయించి ఉన్నారు. అంతకుముందు వచ్చిన అభ్యర్థిని కూడా ఇదే గోడ దగ్గర నిలబెట్టారట. అతను ముక్కు కూడా ఆనించకుండా అంతా బాగుంది సాబ్ అన్నాడట. టైపిస్టు తెచ్చిన మాట సగమే. మేనేజర్ గారు అడిగింది సాఫ్ ఆద్మీని కాదు, సాఫ్ బోల్నేవాలా ఆద్మీని. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి.

మూడు రోజులకు ఏలియా చేతికి నియామకం కాగితం వచ్చింది. పద్దెనిమిదేళ్లు సర్దార్‌గా పనిచేశాడు. నా చొక్కా మళ్లీ సాఫ్ కాలేదు.

ఈ ఘటనతో నేను నేర్చుకున్నవి రెండు. ముక్కుతో పనిచేసేవాడు ఒంటి మీద వాసన వేసుకుని గనిలోకి దిగకూడదు. ఆ తర్వాత నా కింద పనిచేసిన ప్రతి సర్దార్‌కూ ఇది చెప్పాను. రెండోది, తెలియనిది తెలియదని చెప్పడమే సర్దార్ పనిలో సగం. ఆ మాట ముందురోజే ఏలియా చెవిలో వేసింది నేనే కాబట్టి, అతని నియామకంలో నాకూ కొంత పాలు ఉన్నదని అనుకుంటాను.

ఇంతవరకు రాసి, తప్పులుంటే దిద్దుకుందామని కాగితాలు పట్టుకుని సెంటినరీ కాలనీకి వెళ్లాను. ఏలియా ఇప్పుడు అక్కడే కొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. చూపు తగ్గింది, చదివి వినిపించాను. కిటికీ దగ్గర వదిన నవ్వింది, అతను నవ్వలేదు. చివరి పేరా మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"తెల్వదని చెప్పుమని నువ్వెన్నడు చెప్పినవు తమ్మీ? నీ వదిన నా గోర్లు కడుగుతాంటే నువ్వన్నదేంది? ఆయన ఏది అడిగినా, అంతా మంచిగున్నది సార్ అను, దొరల లెక్క నిలబడు అన్నవు. నీ మాట ఇంటే నలభై మంది ఆ గోడ పక్కపొంటి దిగుదురు. గా మాట గూడ రాయి."