సూర్యారావు విప్పకుండా వదిలిన తొట్టె

సూర్యారావు చేతికి చిక్కిన వస్తువేదీ విడిభాగాలు కాకుండా బయటపడదని రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ప్రతీతి. అక్కడి రైల్వే వ్యాగన్ రిపేరు షాపులో ఆయన ముప్ఫయ్యేళ్లుగా ఫిట్టరు. వచ్చిన వ్యాగన్‌ను విప్పడం, కడగడం, తిరిగి బిగించడం. ఆయన ఎరిగిన ధర్మం అదొక్కటే. అటువంటి మనిషి రెండడుగుల గాజుతొట్టెలో చిన్న చెరువును బతికించడానికి పూనుకున్నాడు.

పంపు లేదు, ఫిల్టరు లేదు. అడుగున జల్లించిన తోటమట్టి, దానిపై ఆరంగ్ ఊరు దాటి వెళ్లి మహానదిలో స్వయంగా ఎత్తుకొచ్చిన ఇసుక, ఆ ఇసుకలో నాటిన నీటిమొక్కలు, కిటికీలోంచి వచ్చే పొద్దుటి వెలుగు. మొక్కలే నీటిని శుభ్రం చేస్తాయనీ, చేపలు ఆ తరువాతేననీ చెప్పే వీడియో ఫోనులో చూసిన నాటినుంచి ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

చిక్కల్లా కిటికీతోనే. ఆ క్వార్టరులో వెలుతురొచ్చే కిటికీ ఒక్కటే. పన్నెండేళ్లుగా అక్కడ ఆయన భార్య సూరమ్మ కుట్టుమిషను ఉంది.

"నాకు సూదిలో దారం కనబడాలా, మీ పాచి కనబడాలా?" అందామె, మిషను పక్కకు జరుపుతూనే. "నెల్లాళ్లు ఇస్తన్నాను. అప్పటికీ నీళ్లు తేటపడకపోతే తొట్టి బయట, కుళాయి పక్కన. మాటంటే మాటే."

మూడోనాటికే నీళ్లు విరిగిన పాలలా తెల్లబారాయి. లోపం కంటబడ్డాక చేతులు ముడుచుకు కూర్చునే రకమా ఆయన! నీళ్లు పారబోసి, మొక్కలు పెరికి, ఇసుకనూ మట్టినీ బకెట్లో కడిగి మళ్లీ పేర్చాడు. నాలుగు రోజులకు మళ్లీ మబ్బు. మళ్లీ అదే వైద్యం. మూడోసారికి ఆకులు ఉడికిన తోటకూరలా వేళ్లకు అంటుకున్నాయి. గడువులో సగానికి పైగా కరిగిపోయింది.

కాలేజీలో వృక్షశాస్త్రం చదివే కూతురు ఫణిశ్రీకి నవ్వాగలేదు.

"నాన్నా, నాలుగు రోజులకోసారి ఇల్లు పీకేస్తే నువ్వైనా కాపురం ఉంటావా? కంటికి కనబడని జీవాలు అందులో కుదురుకోవాలి. నీ ఓవర్‌హాలింగ్ బంద్ కర్!"

"మరి నేనేటి సెయ్యాలి?"

"ఏమీ చెయ్యకు. అదే పని."

ఆయన జీవితంలో అంతకన్నా కష్టమైన పని చేసి ఎరుగడు. కూతురు తెచ్చిన కొత్త మొక్కలు నాటి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నీళ్లు మబ్బుపట్టాయి, షాపుకు వెళ్లిపోయాడు. గాజుకు పాచి పట్టింది. పళ్లు బిగబట్టి వరండాలో పాత స్కూటరును ఊడదీసి బిగించాడు. ఇక రెండే రోజులు మిగిలాయి.

ఆ ఉదయం స్నానానికి బయల్దేరుతుంటే కిటికీ దగ్గర్నుంచి సూరమ్మ కేక.

"ఏటండీ! బేగి రండి!"

నీళ్లు! కిటికీ అవతలి గోడమీది పగులు కూడా కనబడేంత తేటగా ఉన్నాయి. వెలుగు పడిన ప్రతి ఆకునుంచీ సన్నని బుడగలు బారులు తీరి పైకి లేస్తున్నాయి. ఇసుక మీద పక్కకు పాకిన ఒక తీగ కొసన గోరంత కొత్త మొక్క.

"ఆ బుడగలు మొక్కల ఊపిరే, సూరమ్మా!" అన్నాడాయన.

ఆమె ముక్కు గాజుకు ఆనించి చూసింది. "మరి సేపలేవీ? ఇంత ఇల్లు కట్టి బోసిగా ఉంచుతారా? ఎర్రవి తేండి, తోకలు పెద్దవి."

"మరి నీ మిషను?"

"తొట్టి యెనకాల పెట్టుకుంటాను. నీళ్లలోంచొచ్చే ఎలుగు సాల్తాది నాకు. ఇంకా నిలబడ్డారేటి?"

చేపల దుకాణం తెరిచేది పదింటికి. అప్పుడు ఎనిమిది కూడా కాలేదు. సూర్యారావు తువ్వాలు భుజాన ఉండగానే చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.