మనిషినే అడిగే ప్రోగ్రాం

పద్మనాభానికి జ్వరం తెచ్చుకునే తీరిక కూడా లేదు. బొమ్మసంద్రలో మందుల డబ్బాలకు లేబుళ్లు వేసే ఫ్యాక్టరీలో ఆయన కంప్యూటర్ల మనిషి. కొత్త సరుకు మొదలైన ప్రతిసారీ ఓ పాత ప్రోగ్రాం పాస్‌వర్డు అడుగుతుంది. అది ఆయనొక్కడికే తెలియాలని నియమం. పెళ్లికి పోయినా మధ్యలో లేచి రావాల్సిందే.

భార్య సుశీల హిందూపురంలో టీచరు. అక్కడ కంపెనీ కొత్త యూనిట్ పెట్టినప్పటి నుంచి బదిలీ అడగమని ప్రాణం తీస్తోంది. అడిగినప్పుడల్లా మేనేజరు అశోక్‌కుమార్ ఒకటే మాట: “మీరు పోతే పాస్‌వర్డు కొట్టేదెవరు?”

కొత్తగా చేరిన సహనకు జాలేసింది. పాస్‌వర్డును ఆయనచేతే ఫైల్లో పెట్టించి ప్రోగ్రాంకు అందించింది. అది కన్నెత్తి చూడలేదు. తెర లేకుండా దానంతట అదే నడిచేట్టు పెడితే, చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. చివరికి సీ భాషలో రాసిన ఆ ప్రోగ్రాం కోడే తెరిచి, ఆయన్ని పిలిచింది.

“సార్, ఇది సీటర్మ్‌ఐడీ అనే ఫంక్షన్ని పిలిచి, తన టెర్మినల్ పేరు, అంటే మనిషి కూర్చునే తెర, కీబోర్డు ఏవో తెలుసుకుంటా ఉండాది. ఫైలు చూడకుండా ఆ టెర్మినల్నే తెరిచి అడుగుతా ఉండాది. ఎదురుగా మనిషి కూర్చోవాల్సిందే. రాసినోడెవడో గానీ గట్టి పిండమే!”

పద్మనాభం నవ్వబోయాడు, నవ్వు రాలేదు. రాసింది ఆయనే. కంపెనీ ఒక్కొక్కరినే ఉద్యోగం తీసి ఇంటికి పంపుతున్న ఏడాది, భయంతో రాశాడు. ప్రోగ్రాం మనిషిని అడిగితే ఆ మనిషిని పంపలేరు కదా అనుకున్నాడు. ఆ నియమం పెట్టించిందీ ఆయనే. పక్క సీట్లు ఖాళీ అయిపోయాయి, ఈయన సీటు మాత్రం మిగిలింది.

“ఈ నాలుగు లైన్లు తీసేస్తే చాలు సార్. ఇంక మిమ్మల్ని హిందూపురం పోవద్దనేదెవరు?”

నిజమే. కానీ అవి పోతే అశోక్‌కుమార్ ప్రశ్న మారుతుంది. కొట్టేదెవరని అడగడు, ఇంక ఈయనెందుకని అడుగుతాడు. యాభై దాటినవాణ్ణి హిందూపురంలో మాత్రం ఎవరు పెట్టుకుంటారు?

“తీసేయనా సార్?”

“వద్దమ్మా, ముట్టుకోవద్దు. సెక్యూరిటీకని పెట్టినారు.”

అంతలో సుశీల ఫోన్ చేసింది. ఈసారైనా అడిగినారా అంది.

సహన పక్కనే నిలబడి ఉంది. ఆయన ఆమెవైపు చూడకుండా గోడవైపు తిరిగాడు.

“అడిగినాను సుశీలా. వాళ్లు నన్ను వదలడం లేదు.”