పోలయ్య మామ ఫోన్‌లో వేడినీళ్ల వీడియో

నిన్న పొద్దున ఒడ్డున వల సర్దుతున్నాం. ఫోన్ మోగింది.

"నాయన పోయినాడన్నా" అన్నాడు నెల్లూరు ఆసుపత్రి నుంచి పోలయ్య మామ పెద్దకొడుకు.

ఎవరి నాయన అని అడిగాను. వాడి గొంతు నాకు తెలియదా! అయినా అడిగాను.

మా బోటు నడిపేది మామే. బోటులో మాకు డాక్టర్ కూడా ఆయనే.

సముద్రంలో సిగ్నల్ ఉండదు కదా. అందుకే వేటకు బయలుదేరే ముందు ఒడ్డున కూర్చుని హెల్త్ వీడియోలు డౌన్‌లోడ్ చేసుకునేవాడు. వాంతులకి, ఎండదెబ్బకి, అన్నిటికీ. ఒకసారి కాన్పు వీడియో కూడా ఎక్కించాడు.

"మనలో ఎవురికి మామా నెలలు నిండినాయి?" అని బోటంతా ఒకటే నవ్వు.

పోయిన ఎండాకాలం వేటలో జెల్ల ముల్లు నా పాదంలో దిగింది. ఆ చేప ముల్లుకి విషం ఉంటుంది. ప్రాణం పోతుందనుకున్నాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

మామ వీడియో పెట్టాడు. స్టవ్ మీద నీళ్లు కాచి, బకెట్లో పోసి, నా కాలు అందులో పెట్టించాడు.

"కాలతా ఉంటే చెప్పు అబ్బయా, మొండికి పోబాక" అని అడుగుతూనే ఉన్నాడు.

కాసేపటికి నొప్పి దిగిపోయింది. ఒడ్డుకొచ్చాక డాక్టర్ కూడా మంచి పని చేశారన్నారు. ఆ రోజు మామ నడక చూడాలి!

పోయిన నెల అలాంటి జెల్ల ముల్లే మామకీ గుచ్చుకుంది. ఇంటికి పోయి అదే వీడియో పెట్టుకున్నాడు.

ఓర్చుకోగలిగినంత వేడి అని అందులో చెప్పారు.

మామకి వేడే తెలియలేదు. ఇంకా మరిగించి పోసుకున్నాడు. షుగర్ వల్ల ఆయన పాదాల్లో స్పర్శ పోయిందని ఎవరికీ తెలియదు. ఆయనకే తెలియదు. అత్త వచ్చి చూసేసరికి చర్మం ఊడి వస్తోంది.

ఆ పుండుకి కూడా వీడియోలే చూశాడు. ఆసుపత్రికి పోదామని అత్త మొత్తుకుంది, వినలేదు. చివరికి తీసుకుపోయేసరికి ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకింది.

నిన్నటి నుంచి అందరూ ఆ ఫోన్‌ని తిడుతున్నారు. నాకూ కోపంగానే ఉంది. కానీ ఏమని తిట్టను? నేను ఈరోజు బాగా నడుస్తున్నానంటే అదీ ఆ ఫోన్ వల్లే. వీడియో అబద్ధం చెప్పలేదు. ఎదురుగా ఉన్నది ఎవరి కాలో దానికి తెలియదు, అంతే. డాక్టరైతే ముందు షుగర్ ఉందా అని అడిగేవాడు.

మొన్న ఆసుపత్రికి చూడటానికి వెళ్తే, మాట సరిగా రాకపోయినా నన్ను దగ్గరికి పిలిచి రికార్డింగ్ పెట్టమన్నాడు. ఆ వాయిస్ మన బోటు వాట్సాప్ గ్రూప్‌లో, ఆ వేడినీళ్ల వీడియో కిందే పెట్టాను.

"ఆ వీడియో తీసేయబాకండి అబ్బయా, మంచిదే. షుగరుంటే మాత్రం ముందు నీళ్లలో వేరేవాళ్లని చెయ్యి పెట్టి చూడమనండి. ఒడ్డుకి రాంగానే డాక్టరు కాడికి పోండి. నా మాదిరి కూచోబాకండి."

వేటకు పోయేవాళ్లు ఆ రెండూ సిగ్నల్ ఉన్నప్పుడే సేవ్ చేసుకోండి.

పోయిరా మామా.
ఇంక ఏ నొప్పీ ఓర్చుకోబాక.
నెమ్మదిగా నిద్రపో.